చెట్టు యజమానికి ఇచ్చిన మాట

జానెడు పొడవు, యాభై గ్రాముల బరువు. నలుపు తెలుపు చారల వీపు, చెంపన పెద్ద తెల్ల మచ్చ. మగదాని తల పక్కన సన్నని ఎర్ర గీత ఒకటి ఉంటుంది గానీ, చాలా దగ్గర నుంచి చూస్తే తప్ప కనబడదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పైన్ అడవుల్లో బతికే ఈ వడ్రంగి పిట్టను అక్కడ రెడ్ కాకేడెడ్ వుడ్‌పెకర్ అంటారు. ఇంత సాదాసీదా పిట్ట గత శతాబ్దం చివర్లో ఎందరో భూయజమానులను హడలెత్తించింది. తన చెట్టు మీద అది వాలితే ఆ చెట్టు ఇక తనది కాకుండా పోతుందని యజమాని భయపడ్డాడు. ఆ భయాన్ని పోగొట్టే ప్రయత్నంలో వన్యప్రాణి సంరక్షణకు ఒక కొత్త పనిముట్టు దొరికింది. అదే యజమాని తనంతట తానుగా ముందుకొచ్చి ప్రభుత్వంతో చేసుకునే సంరక్షణ ఒప్పందం.

ఆ ఒప్పందంలోని ప్రతి షరతూ ఆ పిట్ట బతికే తీరు నుంచి పుట్టింది. కాబట్టి ముందు దాని ఇంటి సంగతి తెలుసుకుందాం.

బతికున్న చెట్టులో ఇల్లు

వడ్రంగి పిట్టలు మామూలుగా ఎండిపోయిన, పుచ్చిపోయిన కొయ్యలో తొర్ర చేసుకుంటాయి. ఈ పిట్ట మాత్రం బతికున్న పైన్ చెట్టునే ఎంచుకుంటుంది. పైన్‌కు గాయమైతే చిక్కని బంక కారుతుంది. బెరడు కింది లేత కొయ్యలోనే గూడు పెడితే పిట్ట ఆ బంకలో చిక్కుకుపోతుంది. అందుకని అది లేత కొయ్యను దాటేలా కాస్త పైకి వాలుగా సొరంగం తవ్వుతుంది. కారిన బంక బయటికి పోవడానికి ఆ వాలు. సొరంగం బంక ఊరని చేవను చేరాక అక్కడ కిందికి తొలిచి గది చేస్తుంది.

చేవ చాలా గట్టిది. అయితే చెట్టు ముసలిదయ్యే కొద్దీ ఒక రకం శిలీంధ్రం లోపలికి చేరి చేవను మెత్తబరుస్తుంది. లాంగ్‌లీఫ్ పైన్ చెట్లలో ఇది ఎక్కువగా ఎనభై ఏళ్ళు దాటాకే కనిపిస్తుంది. అలాంటి చెట్టు దొరికినా తొర్ర పూర్తి కావడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఒక పిట్ట మొదలుపెట్టిన పనిని మరో పిట్ట ముగించడమూ ఉంది.

తొర్ర తయారయ్యాక కూడా పని తీరదు. పిట్ట దాని చుట్టూ కాండం మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, అవి మానకుండా రోజూ పొడుస్తూ ఉంటుంది. ఆ గాట్ల నుంచి బంక ధారలు కట్టి కాండమంతా తెల్లగా మెరుస్తుంది. చెట్లెక్కి గుడ్లు మింగే రాట్ స్నేక్ అనే పాముకు ఆ బంకే అడ్డుగోడ. పొట్ట కింది పొలుసులకు బంక అంటుకుంటే పాము పైకి పాకలేదు. చెట్టు బతికి ఉంటేనే బంక ఊరుతుంది. పిట్ట ఇంత కష్టపడి పచ్చని చెట్టును ఎంచుకోవడంలో లాభం ఇదే.

ఈ పిట్టలు ఉమ్మడి కుటుంబంగా బతుకుతాయి. ఒక జంట గుడ్లు పెడుతుంది. ముందటి ఏళ్ళలో పుట్టిన కొడుకులు ఒకరిద్దరు ఇంటిపట్టునే ఉండి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పురుగులు తెచ్చిపెడతారు. కుటుంబంలో ఒక్కో పిట్ట ఒక్కో తొర్రలో నిద్రపోతుంది కాబట్టి ఒక్క చెట్టు చాలదు, తొర్రలున్న చెట్ల గుంపు కావాలి. ఎదిగిన కొడుకు వేరు కాపురం పెట్టకుండా ఎందుకు ఆగిపోతాడన్నది శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించిన ప్రశ్న. నార్త్ కరోలినాలోని శాండ్‌హిల్స్ అనే ఇసుక మెరకల ప్రాంతంలో కరోల్ కోపియాన్, జెఫ్రీ వాల్టర్స్ బృందం దీన్ని తేల్చే ప్రయోగం చేసింది. పిట్టలు లేని 20 చోట్ల వాళ్ళు చెట్లకు బరమాతో తొర్రలు తొలిచారు. వాటిలో 18 చోట్ల పిట్టలు కాపురం పెట్టాయి. తొర్రలు తొలవకుండా పోలిక కోసం వదిలేసిన చోట్లకు ఒక్క పిట్టా చేరలేదు. ఈ పిట్టకు తిండి కన్నా, తోడు కన్నా ముందు కరువైంది తొర్ర అని దాంతో రుజువైంది.

1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను సౌత్ కరోలినా తీరం మీద విరుచుకుపడినప్పుడు ఈ జ్ఞానం అక్కరకొచ్చింది. ఫ్రాన్సిస్ మారియన్ జాతీయ అడవిలో తొర్రలున్న చెట్లలో 87 శాతం ఒక్క రాత్రిలో పోయాయి. పిట్టల్లో సగానికి పైగా చచ్చిపోయాయి. మిగిలినవాటి కోసం అటవీ సిబ్బంది బతికున్న చెట్లకు రంపంతో గాడి కోసి, అందులో చెక్కతో చేసిన గూటిపెట్టెలు బిగించారు. పిట్టలు వాటిని తమవి చేసుకున్నాయి. ఏళ్ళు పట్టే తొర్ర కొద్ది గంటల పనిగా మారింది. తర్వాత వచ్చిన ఒప్పందాలన్నిటికీ ఈ పెట్టె ఆధారం.

నిప్పు కావలసిన అడవి

పిట్టకు రెండో అవసరం నిప్పు. ఒకప్పుడు వర్జీనియా నుంచి టెక్సస్ దాకా దాదాపు 9 కోట్ల ఎకరాల్లో లాంగ్‌లీఫ్ పైన్ అడవి ఉండేది. పిడుగులతో కొన్ని, ఆదివాసులు పెట్టినవి కొన్ని, రెండు మూడేళ్ళకోసారి మంటలు ఆ అడవి నేల మీద పాకుతూ వెళ్ళేవి. లాంగ్‌లీఫ్ మొక్క మొదటి కొన్నేళ్ళు గడ్డి దుబ్బులా నేలకు అంటిపెట్టుకుని, మొగ్గను పొడవాటి ఆకుల మధ్య దాచుకుని మంటను తట్టుకుంటుంది. ఓక్ వంటి ఇతర చెట్ల మొలకలు మాత్రం కాలిపోతాయి. అలా అడవి ఎప్పుడూ పైన ఎత్తైన పైన్లు, కింద గడ్డి, మధ్యలో ఖాళీగా ఉండేది.

టర్పెంటైన్ కోసం చెట్లను గాయపరిచారు. తర్వాత కలప కోసం నరికారు. ఆ తర్వాత త్వరగా పెరిగే వేరే పైన్ రకాలు నాటారు. ఇరవయ్యో శతాబ్దంలో మంటలను పూర్తిగా ఆర్పేయడం అటవీ విధానమైంది. చివరికి లాంగ్‌లీఫ్ అడవి 3 శాతం దగ్గరికి కుంచించుకుపోయింది. మిగిలిన చోట్ల కూడా మంట లేక మధ్య అంతస్తులో ఓక్ గుబురు ఎదిగి తొర్రల ఎత్తును అందుకుంది. గుబురు ముసిరితే ఈ పిట్ట ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. గొడ్డలి తగలకపోయినా, తుపాకీ పేలకపోయినా, ఎవరూ ఏమీ చేయకపోవడం వల్లే ఇది కనుమరుగు కాగలదు. ఈ అధ్యాయంలో పాఠకులు మనసులో నిలుపుకోవలసిన విషయం ఇదే.

చట్టం ఆపగలిగింది, ఆపలేనిది

అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలోకి ఈ పిట్ట 1970లో చేరింది. 1973లో అమెరికా కాంగ్రెస్ ఎండేంజర్డ్ స్పీసీస్ చట్టం చేసింది. జాబితాలోని జంతువును చంపడం, పట్టుకోవడం, దానికి హాని చేయడం ఎవరి భూమిలోనైనా నేరమే. తెలిసి చేస్తే 50 వేల డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. ఆవాసాన్ని నాశనం చేసి ఆ జీవిని చంపడం, గాయపరచడం కూడా హాని కిందికే వస్తుందన్న ప్రభుత్వ నిర్వచనాన్ని 1995 జూన్‌లో స్వీట్ హోమ్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

నేను ఈ చట్టానికి వ్యతిరేకిని కాను. తెల్లతల గద్ద వంటి ఎన్నో జీవులు ఇవాళ ఉన్నాయంటే అందులో దీని పాత్ర పెద్దది. అయితే జాబితాలోని జీవుల్లో 90 శాతానికి పైగా వాటి ఆవాసంలో కొంతైనా కేంద్ర ప్రభుత్వానిది కాని భూమిలోనే ఉందని 1990లలో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ తేల్చింది. అంటే పిట్ట భవిష్యత్తు అటవీ అధికారి చేతిలో ఎంత ఉందో, భూయజమాని చేతిలోనూ అంతే ఉంది. ఆ యజమాని వైపు నుంచి ఆలోచించి చూడండి.

అతనికి కొన్ని వందల ఎకరాల పైన్ తోట ఉంది. పిల్లల చదువుకో, ముసలితనానికో అదే అతని దాపుడు సొమ్ము. చెట్లను నలభై ఏళ్ళకు కొట్టి అమ్ముకోవచ్చు, ఎనభై ఏళ్ళ దాకా ఉంచనూ వచ్చు. ఉంచితే పిట్ట రావచ్చు. వస్తే ఆ కుటుంబం మేత కోసం కనీసం 60 ఎకరాల చెట్లకు అప్పట్లో నరుకుడు పరిమితులు వర్తించేవి. నలభై ఏళ్ళకే నరికేస్తే పిట్ట రాదు, చిక్కూ రాదు. ఈ లెక్క వేసుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారా? ఆర్థికవేత్తలు డీన్ లూయెక్, జెఫ్రీ మైకేల్ నార్త్ కరోలినాలో వెయ్యికి పైగా అటవీ కమతాల సమాచారం పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. పిట్టల స్థావరాలకు దగ్గరగా ఉన్న కమతాల్లో చెట్లు నరికే అవకాశం ఎక్కువగా ఉంది, నరికిన చెట్ల వయసు తక్కువగా ఉంది. పిట్టను కాపాడే నియమం, పిట్టకు రేపు ఇల్లు కావలసిన చెట్టును ఇవాళే కూల్చింది.

అంతకన్నా లోతైన లోపం ఇంకొకటుంది. చట్టం యజమానిని నరకవద్దని అనగలదు. మంట పెట్టమని, గుబురు కొట్టమని, గూటిపెట్టె బిగించమని బలవంతపెట్టలేదు. ఆ పనులు చేయకపోవడం నేరం కాదు. యజమాని చేతులు కట్టుకుని కూర్చుంటే కొన్నేళ్ళలో గుబురు పెరిగి పిట్ట దానంతట అదే వెళ్ళిపోతుంది. అప్పుడు భూమికీ విముక్తి. చట్టం పొల్లుపోకుండా అమలైనా పిట్ట పోయే దారి అలా తెరిచే ఉండిపోయింది.

ఉన్నది కాపాడు, పెరిగింది నీ ఇష్టం

ఈ చిక్కుముడిని విప్పే ఆలోచన ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ ఫండ్ అనే సంస్థలో పనిచేసిన న్యాయవాది మైకేల్ బీన్, ఆయన సహచరులు, ప్రభుత్వ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అధికారులు కలిసి చేశారు. 1995లో శాండ్‌హిల్స్‌లో అది అమలులోకి వచ్చింది. దానికి సేఫ్ హార్బర్ అని పేరు పెట్టారు. మనం అభయ ఒప్పందం అనుకుందాం. మొదట చేరింది పైన్‌హర్స్ట్ అనే పేరున్న గోల్ఫ్ రిసార్ట్. కలప కోసం ఎవరూ నరకకపోవడంతో గోల్ఫ్ మైదానాల అంచుల్లో ముసలి లాంగ్‌లీఫ్ చెట్లు నిలిచిపోయాయి. వాటిలో పిట్టలు అప్పటికే కాపురం ఉన్నాయి.

ఒప్పందం నడిచే తీరు ఇది. ముందు జీవశాస్త్రవేత్త వచ్చి ఆ భూమిలో ఇప్పుడు ఎన్ని పిట్ట కుటుంబాలు ఉన్నాయో లెక్కపెడతాడు. ఆ సంఖ్యే మూలలెక్క. అది సున్నా కావచ్చు, రెండు కావచ్చు. మూలలెక్కలోని కుటుంబాలను కాపాడే బాధ్యత యజమానికి ఎప్పటిలాగే ఉంటుంది. దానికి తోడు అతను కొన్ని పనులకు ఒప్పుకుంటాడు. రెండు మూడేళ్ళకోసారి అదుపులో మంట పెట్టడం, గుబురు కొట్టడం, గూటిపెట్టెలు బిగించనివ్వడం, ముసలి చెట్లను నిలపడం వంటివి. బదులుగా ప్రభుత్వం రాతపూర్వకంగా ఒక మాట ఇస్తుంది. ఈ పనుల వల్ల కొత్తగా వచ్చిన కుటుంబాల కారణంగా నీ మీద కొత్త ఆంక్ష ఏదీ పడదు. ఎప్పుడైనా నీ భూమిని మూలలెక్క స్థితికి తెచ్చుకోవాలనుకుంటే చట్టం నిన్ను పట్టుకోదు.

రెండు కుటుంబాలున్న మూడు వందల ఎకరాల తోట ఒకటి ఉందనుకుందాం. పదేళ్ళు మంటలు పెట్టి, పెట్టెలు బిగించాక అక్కడ ఐదు కుటుంబాలయ్యాయి. యజమానికి డబ్బు అవసరం పడి కొంత భాగం నరకాలనుకున్నాడు. రెండు కుటుంబాలను చెదరకుండా ఉంచి, మిగిలిన మూడింటి చెట్లు కొట్టే హక్కు అతనికి ఉంది. అయితే ముందుగా తెలియజేయాలి, పిట్టలు పిల్లలు పెట్టే కాలంలో ఆ పని చేయకూడదు. ఆ గడువులో అధికారులు వచ్చి పిట్టలను పట్టుకుని ఖాళీగా ఉన్న మరో అడవికి తరలించవచ్చు.

పైకి చూస్తే ఇందులో పిట్టకు నష్టమేనని చాలామంది పర్యావరణవాదులు వాదించారు. మూడు కుటుంబాలను పోగొట్టుకునే హక్కు ఎందుకు ఇవ్వాలి? ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఆ మూడు కుటుంబాలు ఎక్కడి నుంచి వచ్చాయన్న దానిలో ఉంది. ఒప్పందం లేకపోతే అవి పుట్టేవే కావు. ఉన్న రెండు కూడా గుబురు ముసిరి వెళ్ళిపోయేవి. ఐదు కుటుంబాలు పదేళ్ళ పాటు పిల్లలను కన్నాయి. ఆ పిల్లల్లో కొన్ని పక్క అడవులకు ఎగిరి అక్కడ జతకట్టాయి. యజమాని తన హక్కు వాడుకున్నా సరే, ఆ పదేళ్ళ సంతానం మిగిలే ఉంటుంది. దానికి తోడు పిట్టను చూసి భయపడే పని లేదు కాబట్టి చెట్టును లేత వయసులోనే నరికే ఆత్రం పోతుంది.

ఈ ఏర్పాటుకు పిట్ట స్వభావం కూడా కలిసొచ్చింది. కుటుంబాలుగా, స్థిరంగా ఒకేచోట ఉంటుంది కాబట్టి లెక్కపెట్టడం సులువు. బంకధారలు మెరిసే చెట్టు దూరం నుంచే తెలిసిపోతుంది. పెట్టె బిగిస్తే కొద్దికాలంలోనే ఫలితం కనబడుతుంది. వలలో పట్టి తరలిస్తే కొత్త చోట నిలదొక్కుకోగలదు. లెక్క తేలని జీవి విషయంలో మూలలెక్క రాయడమే కష్టం. మూలలెక్క లేని చోట మాట ఇవ్వడానికి ఆధారమే ఉండదు.

శాండ్‌హిల్స్‌లో జరిగింది

రిసార్ట్ తర్వాత గుర్రపు క్షేత్రాల వాళ్ళు, చిన్న తోటల రైతులు, ఇళ్ళ స్థలాల యజమానులు చేరారు. వేల ఎకరాలు ఒప్పందం కిందికి వచ్చాయి. చేరినవాళ్ళకు వేరే లాభాలూ ఉన్నాయి. శాండ్‌హిల్స్‌లో రాలిన పైన్ ఆకులను పోగుచేసి, తోటలకు ఆచ్ఛాదనగా అమ్ముకోవడం మంచి రాబడి. గుబురు లేని శుభ్రమైన లాంగ్‌లీఫ్ అడవిలోనే ఆ పని సులువు. అమెరికా దక్షిణాదిలో బాబ్‌వైట్ అనే కౌజు పిట్టల వేటకు ఎస్టేట్‌లు నిర్వహించే యజమానులు కూడా మొదటి నుంచీ తమ అడవులను తరచుగా కాల్చేవారు. జార్జియా, ఫ్లారిడా సరిహద్దులోని రెడ్ హిల్స్ ఎస్టేట్‌లలో వడ్రంగి పిట్ట నిలబడింది ఆ అలవాటు వల్లే. యజమాని కోరుకునే అడవి, పిట్ట కోరుకునే అడవి ఒకటే అయిన చోట ఒప్పందం బరువనిపించదు.

శాండ్‌హిల్స్ నడుమ ఫోర్ట్ బ్రాగ్ అనే పెద్ద సైనిక స్థావరం ఉంది. ఆ ప్రాంతపు పిట్టల్లో చాలా భాగం దాని హద్దుల్లోనే ఉండేది. 1990ల మొదట్లో వాటి కోసం సైనిక శిక్షణ మీద ఆంక్షలు పడ్డాయి. చుట్టూ ఉన్న ప్రైవేటు భూముల్లో పిట్టలు పెరిగితే తమ మీద భారం తగ్గుతుందని సైన్యం గ్రహించింది. నేచర్ కన్సర్వెన్సీ సంస్థతో కలిసి చుట్టుపక్కల భూములను కొనడానికి, కట్టడాలు రాకుండా హక్కులు కొనడానికి డబ్బు పెట్టింది. అభయ ఒప్పందాలు, కొన్న భూములు, స్థావరంలోని నిర్వహణ, మూడూ కలిసి ఫలించాయి. శాండ్‌హిల్స్ తూర్పు భాగంలోని పిట్టల సంతతి తన లక్ష్యాన్ని చేరిందని 2006లో ప్రకటించారు.

1999లో అభయ ఒప్పందం దేశమంతటికీ వర్తించే అధికారిక విధానమైంది. సౌత్ కరోలినా, జార్జియా వంటి రాష్ట్రాలు రాష్ట్రమంతటికీ ఒకే గొడుగు ఒప్పందం చేసుకున్నాయి. యజమాని ఢిల్లీ లాంటి దూరపు రాజధానితో బేరమాడే అవసరం లేకుండా, తమ రాష్ట్ర అధికారి దగ్గర సంతకం పెడితే చాలు. 1970ల చివర్లో దాదాపు 1,470 ఉన్న తొర్రచెట్ల సముదాయాలు 2020ల నాటికి 7,800కు చేరాయి. 2024 అక్టోబరులో ఈ పిట్టను అత్యంత ప్రమాదపు తరగతి నుంచి ఒక మెట్టు దించి, ముప్పు ఎదుర్కొంటున్న జీవుల తరగతిలో పెట్టారు. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం జాతీయ అడవుల్లో, సైనిక స్థావరాల్లో జరిగిందే. ప్రైవేటు భూమి ఆ ప్రభుత్వ అడవుల మధ్య వంతెనగా నిలిచి, పిట్టలు ఒకచోట నుంచి మరోచోటికి చేరే దారిని తెరిచింది.

ఇతర జీవులు, ఇతర ఒప్పందాలు

టెక్సస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే. అక్కడ 1950ల నాటికే కనుమరుగైన అప్లోమాడో డేగను తిరిగి తేవాలంటే పశువుల క్షేత్రాల యజమానులే దిక్కు. పెరెగ్రైన్ ఫండ్ సంస్థ వాళ్ళతో అభయ ఒప్పందాలు చేసుకుని పెంచిన డేగలను ఆ భూముల్లోకి వదిలింది. ఆ భూముల మూలలెక్క సున్నా. పది లక్షల ఎకరాలకు పైగా భూముల తలుపులు తెరుచుకున్నాయి.

జాబితాలోకి ఇంకా ఎక్కని జీవుల కోసం మరో రకం ఒప్పందం వచ్చింది. ఫలానా జీవి రేపు జాబితాలోకి రావచ్చు. ఇప్పుడే దానికి కావలసిన పనులు చేస్తే, అది జాబితాలో చేరినా నీ మీద అదనపు భారం పడదని ముందే మాట ఇస్తారు. పశ్చిమ రాష్ట్రాల సేజ్‌గ్రౌస్ అనే నేలకోడి విషయంలో ఒరెగాన్ పశువుల క్షేత్రాల యజమానులు ఇలా చేరారు. ముళ్ళకంచెకు తగిలి చచ్చిపోకుండా తీగల మీద కనబడే గుర్తులు తగిలించారు, గడ్డిభూమిలోకి పాకిన జూనిపర్ చెట్లు కొట్టేశారు. 2015లో ఆ కోడిని జాబితాలో చేర్చనక్కర లేదని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు లెక్కలోకి తీసుకున్న వాటిలో ఇలాంటి స్వచ్ఛంద కృషి కూడా ఉంది. 2024లో ఈ రెండు రకాల ఒప్పందాలను కలిపి ఒకే విధానం చేశారు.

ఇవన్నీ ఎక్కడ పనిచేయవో కూడా చెప్పాలి. కొన్ని జీవులకు కావలసింది వందల ఏళ్ళ నాటి, మనిషి చేయి తగలని అడవి. అక్కడ యజమాని చేసే పనేమీ లేదు, నరకకపోవడమే సాయం. అలాంటి చోట పెరిగింది నీ ఇష్టం అన్న మాట జీవికి ఇచ్చేది తక్కువ. నిషేధమో, భూమి కొనుగోలో కావాలి. ఇంటి స్థలాల ధర ఆకాశాన్నంటిన చోట ఏ యజమానీ ఒప్పందం వైపు చూడడు, చూసినా వారసులు చూడరు. ఏటా వచ్చి లెక్కపెట్టే జీవశాస్త్రవేత్త జీతం ఆగిపోతే ఒప్పందం కాగితంగానే మిగులుతుంది. పిట్ట ఎక్కడుందో అందరికీ తెలిస్తే తన భూమిలోకి ఎవరెవరో వస్తారని యజమాని భయపడతాడు. తెలియకపోతే ఫలితాన్ని బయటివాళ్ళు సరిచూడలేరు. అన్నిటికీ మించి, వెనక ఒక నిజమైన చట్టం లేకపోతే అభయానికి విలువే లేదు. భయం ఉన్నప్పుడే దాని నుంచి రక్షణ ఇస్తామన్న మాటకు అర్థం. 1973 చట్టాన్ని బలహీనపరచి స్వచ్ఛంద ఒప్పందాలతోనే సరిపెడదామనేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతున్నారు.

మన చట్టంలో తెరిచి ఉన్న వాకిలి

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2002 సవరణతో అందులో 36సి అనే సెక్షన్ చేరింది. ఒక సముదాయంగానీ, ఒక వ్యక్తిగానీ తన భూమిలో వన్యప్రాణులను కాపాడటానికి స్వచ్ఛందంగా ముందుకొస్తే, ఆ భూమిని రాష్ట్ర ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మనుషుల చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఆ ఊరు ఇలాంటి రిజర్వు. మన టెక్కలి దగ్గరి తేలినీలాపురంలోనూ, హిందూపురం వైపు వీరాపురంలోనూ కొంగలు ఊరి చెట్ల మీదే సంసారం చేస్తాయి. ఎవరూ అభయ ఒప్పందం రాసి ఇవ్వకపోయినా ఈ ఊళ్ళవాళ్ళు ఆ పక్షులను కాపాడుకున్నారు.

కానీ బట్టమేక పిట్ట కథ అంత సుఖంగా సాగలేదు. కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడు అభయారణ్యం దాని కోసం 1988లో ఏర్పడింది. అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు. మెట్ట పొలాల్లో, గడ్డిభూముల్లో మైళ్ళ కొద్దీ తిరిగే పిట్టకు అది చాలదు. అది తిరిగిన చేలన్నీ రైతులవి. పంటలు మారాయి, సాగునీరు వచ్చింది, గడ్డి పోయింది. తన చేలో ఆ పిట్ట ఉండటం వల్ల ఏం నష్టమో, ఏం లాభమో ఏ రైతుకూ ఎవరూ లెక్కకట్టి చెప్పలేదు.

కడప జిల్లా శ్రీలంకమల్లేశ్వర కొండల కింద 1986లో తిరిగి దొరికిన కలివికోడి మరో పాఠం చెబుతుంది. అది దట్టమైన పొదలనూ ఇష్టపడదు, పొదలు లేని బయలునూ ఇష్టపడదు. మధ్యరకం కావాలి. పశువులు, మేకలు మేసి, పుల్లలు కొట్టేవాళ్ళు తిరిగితేనే ఆ మధ్యరకం నిలుస్తుంది. మేత మితిమీరితే నేల బోడిదవుతుంది, పూర్తిగా ఆపేస్తే చిట్టడవి ముసురుకుంటుంది. లాంగ్‌లీఫ్ అడవికి మంట ఎంత అవసరమో, ఇక్కడ కాపరి చేతిలోని కర్ర అంత అవసరం.

ఈ రెండు జీవుల కోసం ఏం చేయవచ్చో శాండ్‌హిల్స్ అనుభవం సూటిగా చెబుతుంది. మొదట రైతు పొలంలో, కాపరి బీడులో ఇప్పుడు ఏముందో నమ్మకంగా లెక్కపెట్టాలి. పిట్టకు కావలసిన పనిని పేరుపెట్టి రాయాలి: ఈ కారులో ఈ బీడును వదిలేయడం, ఫలానా పంట వేయడం, ఇన్ని మేకలకు మించకుండా మేపడం. ఆ పనికి అయ్యే ఖర్చును, తగ్గే రాబడిని సమాజం భరించాలి. పిట్ట తిరిగి వచ్చినంత మాత్రాన భూమి పోదని, మేత హక్కు పోదని రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. సెక్షన్ 36సి వాకిలి తెరిచింది గానీ, అందులో రైతుకు దక్కే భరోసా ఏమిటో స్పష్టంగా లేదు. ఆ భరోసాను రాసే పని మిగిలే ఉంది.

అంతరించే జీవికి మనం రుణపడి ఉన్నామని నేను నమ్ముతాను. ఆ రుణం తీర్చే బరువును ఏదో ఒక మారుమూల గ్రామంలోని ఒక్క రైతు మీద వేసి, అతను మోయలేకపోతే నేరస్థుడని పిలవడం న్యాయం కాదు. అలా చేసినచోట పిట్ట కూడా బతకలేదని నార్త్ కరోలినా పైన్ తోటలు లెక్కలతో చూపించాయి. చట్టం నరికే చేతిని ఆపగలదు. మంట పెట్టే చేతిని, గూడు బిగించే చేతిని, మేకల మందను సరిచూసే చేతిని తన వైపు తెచ్చుకోవాలంటే ఆ చేతి యజమాని మీద నమ్మకం ఉంచాలి. చట్టమూ కావాలి, నమ్మకమూ కావాలి. వీటిలో మనకు ఇప్పుడు తక్కువగా ఉన్నది రెండోదే.